అచ్చులు పెద్దమ్మవి

పెద్దమ్మ పోయిందని ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేసినప్పుడు నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరిదో బరాత్ కోసం డీజే పాట సరిచేస్తున్నాను. ఫోన్ బల్ల మీద వణుకుతూ అంచుదాకా పోయాక గాని చూడలేదు. "చెల్లే, అవ్వ పోయింది" అన్నాడు. "పొద్దుగాల చాయ్ కావాల్నని సైగ చేసింది. పెట్టుకొని వచ్చేసరికి లేదు." అటువైపు ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. అన్న గొంతు సవరించుకుని, "రేపు మట్టి చేస్తం. నువ్వొచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తే. మర్సిపోకు" అన్నాడు.

తెస్తానని గాని, తేనని గాని అనలేదు. ఫోన్ పెట్టేశాను.

మనిషి పోయిన ఇంటికి ల్యాప్‌టాప్ ఎందుకని మీరు అనుకుంటారు. ఆ రోజు కరీంనగర్ నుంచి మందమర్రి దాకా బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని నేను పడ్డ పరేషాన్ అంతా దాని గురించే. ముందు ఆమె సంగతి చెబితే తప్ప అది అర్థం కాదు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. మందమర్రిలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేది. పెద్దబాపు బాయిలో పనిచేసేవాడు. బాయి అంటే మావైపు బొగ్గుగని. ఆమె మా మిషన్ చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. చాలా చర్చిల్లో ముందు వాయిద్యం మోగుతుంది, తర్వాత అందరూ పాడతారు. మా దగ్గర అట్లా కాదు. పాట మొదటి లైను ఒక్క మనిషి ఒంటరిగా ఎత్తుకోవాలి. శృతి ఏదో, నడక ఏదో, ఏ మాట దగ్గర ఊపిరి తీయాలో ఆ ఒక్క లైనులో తెలిసిపోవాలి. అది విన్నాకే మిగతా వాళ్ళు నోరు విప్పుతారు. నాకు తెలివి వచ్చినప్పటి నుంచి ఆ లైను పెద్దమ్మదే.

ఆమె శృతి చాలా కిందికి ఉండేది. ఆడవాళ్ళకు ఇబ్బందిగా, బొంగురుగా ఉండేది. కుర్ర గిటారోళ్ళు మొత్తుకునేవారు. పెద్దమ్మ వినేది కాదు. వెనక తలుపు పక్కన బెంచీలో సర్దార్ తాత కూర్చునేవాడు. బాయిలో సర్దార్‌గా అంటే కూలీల మీద మేస్త్రీగా చేసి దిగిపోయిన మనిషి, ఛాతీ నిండా బొగ్గు పొడి. గాలి కావాలని తలుపు దగ్గరే కూర్చునేవాడు, పాడేటప్పుడు కూడా లేచేవాడు కాదు. అట్లాంటి వాళ్ళు ఆ వరసలో ఇంకొందరు ఉండేవారు. వాళ్ళను చూపించి, "దమ్ము లేనోని శృతే మన శృతి. దమ్మున్నోడు యాడనన్న పాడుతడు" అనేది. ఇక దాని మీద మాట లేదు.

మాకు పాటలు నేర్పిన పద్ధతి చెబితే మీరు నవ్వుతారు. సాధన వాళ్ళ ఇంట్లోనే జరిగేది. పెద్దబాపుకు రాత్రి షిఫ్ట్ పడితే పగలు నిద్ర. ఉన్నవి రెండు గదులు. ఆ గదిలో ఆయన గురక, ఈ గదిలో మేము. అందుకని గొంతు తీయకుండా పాడాలి. పెదవులు, దవడ, నాలుక, అన్నీ పాటలాగే కదలాలి, చప్పుడు మాత్రం రాకూడదు. ఆమె ఎదురుగా కూర్చుని మా నోళ్ళు చూసేది. "ఏయ్, నువ్వు 'ఓ' కాడ నోరు మూసినవ్" అని గుసగుసగా తిట్టేది. లవంగం బుగ్గన పెట్టుకుని, హార్మోనియం పెట్టె మూత మీద వేళ్ళ గణుపులతో మెల్లగా తాళం కొడుతూ, "నోరు ముందు తెరువుండ్రి, పాట ఎనుక వస్తది" అనేది. ఆదివారం చర్చిలో గొంతు తీసేసరికి అదేదో ఆనకట్ట తెగినట్టు ఉండేది. నోరు చూసి పాట ఎక్కడుందో చెప్పడం నాకు అట్లా అబ్బింది. అది బతుకుదెరువుకు పనికొచ్చే విద్య అని అప్పుడు అనుకోలేదు.

తర్వాత పెద్దబాపు పోయాడు. ఆ తర్వాత పెద్దమ్మ గొంతులో గడ్డ. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద ఊపిరికి రంధ్రం, దాని మీద తెల్ల గుడ్డ. పెదవులు కదులుతాయి, నాలుక కదులుతుంది, చప్పుడు లేదు. ఇక అది ఎప్పటికీ రాదు. ఆస్పత్రివాళ్ళు మెడకు ఆనించి మాట్లాడే బ్యాటరీ పరికరం ఒకటి ఇచ్చారు. ఒక్కసారి వాడింది. ఆ గొంతు ఒకే తీరుగా గరగరమంటుంది, ఎక్కదు, దిగదు. తీసి బీరువాలో పెట్టి, చిన్నపిల్లల పలక ఒకటి తెప్పించుకుంది. దాని మీద రాసిన మొదటి మాట అన్న నాకు ఫోన్‌లో చదివి వినిపించాడు: "గది మాట్లాడుతది. పాడది."

చర్చిలో పాట ఎత్తుకునే నోరు లేకుండా పోయింది. ఒక ఆదివారం ఒకరు ఎత్తుకుంటే ఇంకో ఆదివారం ఇంకొకరు. ఆడవాళ్ళు ఒక శృతిలో, మగవాళ్ళు ఒక శృతిలో, మధ్యలో గిటారు. పెద్దమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని అదంతా వినేదట. కొన్నాళ్ళకు పోవడమే మానేసింది. "పొమ్మంటే తల అడ్డం ఊపుతది. పెట్టె మీద గుడ్డ కప్పింది. నాకు భయమైతుంది చెల్లే" అన్నాడు అన్న. ఆయన అంత తేలిగ్గా భయపడే మనిషి కాదు.

ఆ వారమే వెళ్ళాను. నా పని వెంటపడి రావడం వల్ల ల్యాప్‌టాప్ తీసుకుపోయాను. నేను చేసేది ఏమంత గొప్ప పని కాదు. డీజే పాటల్లో "ఆవ్ యావ్" అని మాట్లాడుతున్నట్టు ఒక మోత వస్తుంది చూడండి, ఎవరో పెద్ద నోరు తెరిచి మూస్తున్నట్టు, అది చేస్తాను. అందులో మనిషి ఎవరూ ఉండరు. ఒక మోటు మోత తీసుకుని ఫిల్టర్ అనే సాఫ్ట్‌వేర్ ప్లగిన్ గుండా పోనిస్తాం. అది కొన్ని స్వరాలను పెంచుతుంది, కొన్నింటిని అణచేస్తుంది. మన నోరు చేసేది కూడా అదే. గొంతు ఇచ్చేది ఒట్టి గుర్రుమనే చప్పుడు. నోరు తెరిచే తీరును బట్టి అందులో రెండు చోట్ల మోత ఉబ్బుతుంది. ఆ రెండు ఉబ్బులూ దగ్గరగా ఉంటే 'ఆ' అనే అచ్చు. ఒకటి బాగా కిందికి, ఇంకొకటి బాగా పైకి పోతే ఈ. రెండూ కిందికి దిగితే ఊ. ఆ ఉబ్బులను జరిపితే చాలు, మోత నోరు తెరిచినట్టు అనిపిస్తుంది.

నేను పని చేసుకుంటుంటే ఆమె వచ్చి నా హెడ్‌ఫోన్స్ లాక్కుని తన చెవులకు పెట్టుకుంది. అడగడం ఆమెకు ఎప్పుడూ అలవాటు లేదు. కాసేపు విని పలక మీద రాసింది: "గిది ఎవల గొంతు?"

"ఎవల్దీ గాదు పెద్దమ్మా. దీనికి గొంతే లేదు" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

ఆమె నన్ను అట్లాగే చూసి, కింద ఇంకో మాట రాసింది: "నాకూ లేదు." లేచిపోయి హార్మోనియం మీది గుడ్డ తీసేసింది.

హార్మోనియం మెట్టు నొక్కితే లోపల ఇత్తడి రేకు వణుకుతుంది. ఆ చప్పుడు గొంతు చప్పుడుకు చాలా దగ్గర, మోటుగా, నిండుగా ఉంటుంది. పెట్టె లోపల చిన్న మైకు పెట్టాను. పెట్టె మోత బయటికి రాకుండా దాని వెనక దుప్పటి కప్పాను. ఫిల్టర్‌లో ముందే చేసి పెట్టిన అచ్చులు కొన్ని ఉంటాయి, అవి వేసి వినిపించాను. 'ఆ' బాగానే వచ్చింది. 'ఈ' దగ్గరికి వచ్చేసరికి తప్పిపోయిన మేక అరిచినట్టు అరిచింది. పెద్దమ్మ భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చప్పుడు లేకుండా నవ్వుతోందని అర్థం కావడానికి నాకు కొంచెం సమయం పట్టింది. ఆపరేషన్ తర్వాత ఆమె నవ్వడం చూడటం అదే మొదలు.

ఆ అచ్చులు ఎక్కడివో, ఎవరి నోటివో. మాకు కావలసింది మందమర్రి నోరు. వాటిని తీసిపారేసి మొదటి నుంచి కట్టాం. అరచేతి వెడల్పున, వేలితో ఫిల్టర్‌ను నడిపే ప్యాడ్ ఒకటి ఉంది నా దగ్గర. దాని ఒక మూల ఆ, ఒక మూల ఈ, ఒక మూల ఊ. మధ్యలో వేలు జరిపిన చోటును బట్టి ఏ, ఓ. పెద్దమ్మ తిత్తి ఊదుతూ మెట్లు నొక్కుతుంది, పాటను చప్పుడు లేకుండా నోటితో పాడుతుంది. నేను ఎదురుగా కూర్చుని ఆమె నోరు చూస్తూ వేలు జరుపుతాను. వెనకటి సాధనే, ఇప్పుడు తిట్లు పడేది వేలికి.

మొదట్లో అన్నీ ఆలస్యం. నేను నోరు చూసి వేలు జరిపేలోపు స్వరం వచ్చేసేది. "నీ" అనాల్సిన చోట ముందటి 'ఆ' సాగేది. బలపంతో నా వేళ్ళ మీద కొట్టేది. నాకు కోపం వచ్చి, "నువ్వు ముందుగాల నోరు తెరిస్తేనే గదా నేను జరిపేది!" అని అరిచాను. ఆమె ఆగిపోయింది. నాకూ గుర్తొచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నోరు ముందు, పాట వెనక. అప్పటి నుంచి మెట్టు నొక్కడానికి రవ్వంత ముందే నోరు తెరవసాగింది, నా వేలు ఆ సందులో పోయి కూర్చునేది.

కాని హల్లులు రావు. ఫిల్టర్ ఎంత మొత్తుకున్నా న అనదు, చ అనదు. ఆమె సొంతంగా కట్టిన కోతల పండుగ పాట ఉంది: "నీ చేనిలో నేనూ ఒక గింజనయ్యా." అది మా పెట్టె నోట "ఈ ఏ ఇ ఓ, ఏ ఊ" అని వచ్చేది. నాకు విసుగొచ్చింది. "గిట్లైతే ఎవలకు సమజైతది? పిల్లలు నవ్వుతరు" అన్నాను. పెద్దమ్మ తాపీగా రాసింది: "అచ్చులు నేనిస్త. హల్లులు సంఘం ఏసుకుంటది. పాట వాళ్ళకు రాదా?"

కోతల పండుగకు తానే పాట ఎత్తుకుంటానని ఆమె అన్నకు రాసి చూపించిన రోజు ఇంట్లో పెద్ద గొడవ. "అవ్వను నవ్వులపాలు చేస్తవా? డీజే చేసుకో పో, చర్చిల ఎందుకు?" అని అన్న నామీదికొచ్చాడు. సంఘంలో ఇద్దరు ముగ్గురు పెద్దలు మెషిన్ గొంతుతో ఆరాధన ఏమిటని పాస్టరయ్య దగ్గరికి పోయారు. ఆయన మంచివాడే, మెత్తనివాడు. ఇంటికొచ్చి చాయ్ తాగి, గ్లాసు చాలాసేపు చేతిలో తిప్పుతూ, "అమ్మా, ఒక్క పాట. మంచిగైతే మంచిదే. జనం నవ్విండ్రనుకో, మల్ల అడగద్దు. నీకే కష్టం" అన్నాడు. పెద్దమ్మ సరేనని తల ఊపింది. ఆయన పోయాక నాకు పలక చూపించింది: "నవ్వితే పెట్టె చర్చికి ఇచ్చేస్త. ఎనుక బెంచీల కూసుంట. మల్ల ముట్ట."

ఆమె అన్న మాట మీద నిలబడే మనిషి.

మా కోతల పండుగకు ఒక మర్యాద ఉంది. మావి కంపెనీ క్వార్టర్లు, మాకు పొలాలు ఎక్కడివి? పెరట్లో కాసిన సొరకాయ, మునక్కాయలు, కోళ్ళు, గుడ్లు తెస్తాం. వరి కంకులు మాత్రం పెద్దపల్లి, సుల్తానాబాద్ వైపు సంఘాలవాళ్ళు మోసుకొస్తారు. కంకులు లేకుండా కోతల పండుగ ఉండదు కాబట్టి, ఆ రోజు శృతి వాళ్ళది. కంకులు తెచ్చిన సంఘం ఏ శృతి అంటే ఆ శృతిలో పాట. పెద్దమ్మ సర్దార్ తాత కోసం ఏడాదంతా ఎవరి మాటా వినేది కాదు గాని, ఆ ఒక్కరోజు వచ్చినవాళ్ళ మాట కాదనేది కాదు. అందరికీ తెలిసిన విషయమే, నాకూ తెలుసు. అయినా మేమిద్దరం ఇంట్లో ఆమె కింది శృతిలోనే సాధన చేశాం. పైకి పోతే ఏమవుతుందో ఒక్కసారైనా చూడాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పండుగనాడు చర్చి కిక్కిరిసింది. ముందు చాపల మీద పిల్లలు, బలిపీఠం చుట్టూ కంకుల కట్టలు, కట్టేసిన కోళ్ళు. పెట్టె మీద దుప్పటికి బదులు పెద్దమ్మ పెళ్ళినాటి శాలువ. నేను ల్యాప్‌టాప్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. సౌండ్ బాక్సు ఒకసారి సన్నగా కూత పెట్టింది, నా ప్రాణం పోయింది, తగ్గించాను. సుల్తానాబాద్ నుంచి వచ్చిన పాటల టీచరమ్మ ముందుకొచ్చి నవ్వుతూ, "అక్కా, ఈసారి మావన్నీ ఆడపిల్లల గొంతులే. జర పైకి పెట్టు" అని మెట్టు చూపించింది. చాలా పైన. పెద్దమ్మ తల వంచి ఒప్పుకుంది.

నోరు తెరిచింది. నా వేలు 'ఈ' మూలకు పోయింది. తిత్తి కదిలింది.

వచ్చింది 'ఈ' కాదు. 'ఊ' కాదు, ఏదీ కాదు. పిల్లలు ఊదే పీపీ లాగా "ఈ" కి "ఊ" కి మధ్య ఎక్కడో తేలింది. నేను వేలు ఎటు జరిపినా అదే చప్పుడు. ఎందుకో తర్వాత అర్థమైంది. ముగ్గు చుక్కలు దగ్గర దగ్గరగా పెడితే మధ్యలో ఏ ఆకారమైనా కనిపిస్తుంది, దూరం దూరంగా పెడితే కనిపించదు. కింది శృతిలో చప్పుడు చుక్కలు ఒత్తుగా ఉంటాయి, ఫిల్టర్‌కు చెక్కడానికి సరుకు ఉంటుంది. పైకి పోయేకొద్దీ పలచబడతాయి. అప్పుడు నాకు ఇవేం తోచలేదు. చెమట పట్టిన వేలు ప్యాడ్ మీద జారుతోంది.

చాప మీద ఒక పిల్ల కిసుక్కుమంది. ఇంకో ఇద్దరు అందుకున్నారు. ఎవరో "హుష్" అన్నారు గాని ఆ హుష్‌లోనూ నవ్వు ఉంది. అన్న గోడ పక్కన నిలబడి తల దించుకున్నాడు. పెద్దమ్మ తిత్తి ఆపేసింది.

నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, నాకు తెలియదన్నట్టు. ఆమె కంకుల వైపు చూసింది. తర్వాత తల తిప్పి, అందరి తలల మీదుగా వెనక తలుపు వైపు చూసింది. సర్దార్ తాత ఎప్పటిలాగే తలుపు పక్కన, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఊపిరి కోసం ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. ఆయన నవ్వడం లేదు. నోరు కొంచెం తెరిచి ఉంది, పాట కోసం.

పెద్దమ్మ చేయి మెట్ల మీద కిందికి, ఇంకా కిందికి జరిగి ఆగింది.

మందిలో కదలిక. టీచరమ్మ సగం లేచింది. "అక్కా, గది మా శృతి గాదు" అంది, కోపంగా కాదు, ఏమైందో అర్థం కానట్టు. అతిథుల శృతి తీసేయడం మా సంఘంలో ఎవరూ చూసి ఎరుగరు. పాస్టరయ్య ఒక అడుగు ముందుకేశాడు. ఆపమంటాడని నాకు తెలిసిపోయింది. పెద్దమ్మ అటు చూడలేదు. నన్ను చూస్తూ నోరు తెరిచింది.

ఈసారి నా వేలు ఆమె నోటి కంటే ముందే పోయిందేమో.

"ఈ... ఏ ఇ ఓ..."

బొంగురుగా, నిదానంగా, వెనక గోడ దాకా వినబడేంత నిండుగా. ఆమె గొంతు కాదు అది. ఆమె గొంతు అని నేను అబద్ధం చెప్పను. కాని ఊపిరి తీసే చోటు ఆమెది, 'ఓ' దగ్గర సాగదీసి రవ్వంత కిందికి వదిలే తీరు ఆమెది. ఆ పాట వినకుండా పెరిగినవాళ్ళు ఆ చర్చిలో లేరు. "ఏ ఊ" అని పెట్టె అనేసరికి ఆడవాళ్ళ బెంచీలో ఎవరో "నేనూ" అన్నారు. "ఒ అ" అంటే పదిమంది "ఒక" అన్నారు. మొదటి లైను చివరికొచ్చేసరికి హల్లులన్నీ వచ్చి చేరాయి, అందరివి, సుల్తానాబాద్ పిల్లలవి కూడా. నవ్విన పిల్ల నోరు అందరికంటే పెద్దగా తెరిచింది. సర్దార్ తాత తలుపు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అన్న బయటికి పోయి చాలాసేపటిదాకా లోపలికి రాలేదు.

తర్వాత టీచరమ్మ వచ్చి పెద్దమ్మ చేతులు పట్టుకుంది. "మా ముసలోళ్ళు గూడ పాడిండ్రు అక్కా, ఎన్నడు పాడనోళ్ళు" అంది. పెద్దమ్మ పలక తెప్పించుకుని రాసింది: "వచ్చే యేడు మీ శృతి. ఖాయం."

వచ్చే యేడు ఆమెకు రాలేదు. నేను మందమర్రి పోయిన ఆదివారాలన్నీ ఆమె పాట ఎత్తుకుంది. నేను లేని ఆదివారాలు చర్చి మళ్ళీ తలా ఒక శృతి. అది నాకు నచ్చక, ఒకసారి ఆమెకు చెప్పి ఆ కోతల పండుగ పాట మొత్తం ల్యాప్‌టాప్‌లో దాచాను. ఆమె మెట్లు, నా వేలు జరిగిన దారి, అన్నీ. బటన్ నొక్కితే చాలు, నేను లేకున్నా, ఆమె లేకున్నా అది పాడుతుంది. విని తల ఊపింది. బాగుందని అనుకున్నాను.

జబ్బు తిరగబెట్టి మంచం పట్టాక ఒక మధ్యాహ్నం దగ్గర కూర్చున్నాను. పలక పట్టుకునే ఓపిక లేదు. పెదవులు కదిపింది. నేను అలవాటు కొద్దీ దుప్పటి మీద వేలు జరుపుతూ నోరు చదివాను. చూసి చిన్నగా నవ్వింది. తర్వాత ఆమె అన్నది ఇది, ఒక్కో మాట నేను పైకి చదువుతుంటే అవునని కళ్ళు మూస్తూ: "మట్టినాడు గా మిషన్ల దాచిన పాట పెట్టకుండ్రి. ఎవలన్న ఎత్తుకోవాలె. బతికున్న నోరు ఉండాలె."

"ఎవలు ఎత్తుకుంటరు పెద్దమ్మా?" అన్నాను. భుజం కదిపింది. తెలియదనో, అది మీ పని అనో.

ఇదీ ల్యాప్‌టాప్ సంగతి. ఆ మాట అన్నకు చెప్పలేదు. ఆయన ఆ పాట మీదే ఆశ పెట్టుకుని ఉన్నాడు, ఆఖరిసారి అవ్వ పాడినట్టు ఉంటుందని. చర్చి మెట్ల దగ్గరే, "తెచ్చినవా?" అన్నాడు. సంచి చూపించాను. అప్పుడు చెప్పాను ఆమె ఏమన్నదో. ఆయన మొహం గట్టిపడింది. "మరి ఎవలు ఎత్తుకుంటరు? చెప్పు. ఎవలూ ఎత్తుకోకపోతే అవ్వను పాట లేకుండ తీస్కపోదమా?" అన్నాడు. నేనే ఎత్తుకుందామంటే నా గొంతు రెండో మాటకే విరుగుతుంది, నాకు తెలుసు.

పెట్టె ముందు పెట్టె. ఒకటి ఆమె వాయించింది, ఒకటి ఆమె ఉన్నది. వాన పడి ఆగింది, తలుపులన్నీ తెరిచి పెట్టారు. పాస్టరయ్య ప్రార్థన చేసి, "పాట" అన్నాడు.

ఎవరూ ఎత్తుకోలేదు.

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఎవరో గొంతు సవరించుకుని ఆగిపోయారు. పాస్టరయ్య తల దించుకుని నిలబడ్డాడు. అన్న నావైపే చూస్తున్నాడు. కళ్ళతో అడుగుతున్నాడు, తెరువమని. ఒళ్ళో సంచి జిప్ మీద నా చేయి ఉంది. ఇంకాస్త ఆగితే నేను తీసేదాన్నే. ఆమె వద్దన్నా సరే, ఆ నిశ్శబ్దం నావల్ల కాలేదు. జిప్ కొంచెం జరిపాను కూడా.

వెనక నుంచి వచ్చింది చప్పుడు.

"ఈ... ఏ..."

తల తిప్పాను. సర్దార్ తాత తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన తన బతుకులో ఎప్పుడూ పాట ఎత్తుకున్నవాడు కాదు. పళ్ళు లేవు, ఊపిరి లేదు. న రావడం లేదు, చ రావడం లేదు. వచ్చేవి అచ్చులే, ఆమె కిందికి దించి పెట్టిన ఆ శృతిలోనే. ఒక్కో అచ్చుకు ఆగి, ఊపిరి తీసుకుని, ఇంకో అచ్చు. ముందు నోరు తెరుస్తున్నాడు, తర్వాత చప్పుడు వస్తోంది.

"ఇ... ఓ..."

"చేనిలో" అంది ఆడవాళ్ళ బెంచీ.

అన్న ఆమె ఉన్న పెట్టె మీద చేయి పెట్టి నోరు తెరిచాడు. నేను సంచి మూసేశాను. తాత నోరు ఎటు కదిలితే అటు, మూసిన సంచి మీద నా వేలు జరుగుతూ ఉంది.